దోచినవాడికే బాకీ పడ్డ దేశం

1914 డిసెంబరు 17. హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌లో మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఎనిమిది మంది అమెరికన్ మెరైన్లు ఆ దేశపు జాతీయ బ్యాంకులోకి తీరిగ్గా నడిచి వెళ్లారు. చెక్కపెట్టెల్లో సర్దిన 5 లక్షల డాలర్ల బంగారంతో బయటికొచ్చి, బండికెక్కించి రేవుకు తోలుకుపోయారు. దారి పొడవునా మామూలు దుస్తుల్లో ఉన్న వాళ్ల సైనికులే కాపలా కాశారు. 'మచాయస్' అనే యుద్ధనౌక సముద్రంలో సిద్ధంగా నిలబడి ఉంది. కొద్ది రోజులకు ఆ బంగారం న్యూయార్క్‌లో, వాల్ స్ట్రీట్ బ్యాంకు భోషాణంలో తేలింది. అప్పటికి రెండు దేశాల మధ్య యుద్ధం లేదు. జప్తుకు కోర్టు ఉత్తర్వూ లేదు. ఇది దోపిడీ అని హైతీ ప్రభుత్వం మొత్తుకుంటే, అమెరికన్ ప్రయోజనాలను కాపాడే ఏర్పాటని వాషింగ్టన్ జవాబు చెప్పింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే సైన్యం దిగింది. పంతొమ్మిదేళ్లు కదల్లేదు.

ఇప్పుడు మళ్లీ విదేశీ బలగాలు హైతీ దారి పట్టాయి. 2024 జూన్‌లో కెన్యా పోలీసులు దిగారు. వాళ్ల వల్ల పని కాలేదని 2025 సెప్టెంబరు 30న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఆ బృందం స్థానంలో 'ముఠాల అణచివేత దళం' పేరిట 5,500 మంది సాయుధులకు అనుమతి ఇచ్చింది. 12 దేశాలు ఔనన్నాయి. రష్యా, చైనా, పాకిస్తాన్ ఓటు వేయకుండా కూర్చున్నాయి. రాజధానిలో అత్యధిక భాగం ముఠాల గుప్పిట్లో ఉంది. 13 లక్షల మందికి పైగా ఇళ్లూ వాకిళ్లూ వదిలి పారిపోయారు. ఈ కష్టాన్ని తక్కువ చేసి చూపడం మా ఉద్దేశం కాదు. మా పేచీ అంతా దాని పక్కనే వినిపించే పాతపాటతో. తమను తాము పాలించుకోవడం చేతకాని జనమట, విఫల రాజ్యమట, శాపం తగిలిన నేలట. విదేశీ దళం బయల్దేరిన ప్రతిసారీ దానికంటే ముందు ఈ మాటలు ఒడ్డుకు చేరతాయి. రెండు వందల ఏళ్ల పద్దులు తిరగేస్తే కనిపించేది వేరే కథ. హైతీని ఉద్ధరిస్తామని వచ్చినవాళ్లు మొదట చెయ్యి పెట్టింది దాని డబ్బుపెట్టె మీద. పోయేటప్పుడు లెక్క అప్పజెప్పిన వాళ్లు లేరు. సరికదా, వచ్చిపోయిన ఖర్చు కూడా ఆ దేశం ఖాతాలోనే రాసిపోయారు.

కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవిలో పడమటి మూడో వంతు హైతీ. 1789 నాటికి అది సాన్ డొమాంగ్ పేరుతో ఫ్రాన్సు వలస. ఐరోపా తాగే కాఫీలో సగానికి పైగా, తినే పంచదారలో సుమారు 40 శాతం అక్కడినుంచే పోయేవి. పండించింది ఆఫ్రికా నుంచి తెచ్చిన దాదాపు 5 లక్షల మంది బానిసలు. చెరకు గానుగల్లో చేతులు నలిగి, కొరడా దెబ్బలకు ఒళ్లు చీలి వాళ్లు ఎంత తొందరగా చనిపోయేవారంటే, పుట్టే పిల్లలతో ఆ లోటు పూడేది కాదు. ఓడలకొద్దీ కొత్తవాళ్లను కొని తెచ్చేవారు. 1791 ఆగస్టులో ఆ జనం తిరగబడ్డారు. పన్నెండేళ్లు పోరాడి స్పెయిన్, బ్రిటన్ సైన్యాలనూ, ఆఖరికి నెపోలియన్ పంపిన దండునూ ఓడించారు. వాళ్ల నాయకుడు టూసాన్ లూవెర్తూర్‌ను మాట్లాడుకుందాం రమ్మని పిలిచి, పట్టి ఓడెక్కించి, ఫ్రాన్సు కొండల్లోని జూ కోటలో పడేశారు. 1803 ఏప్రిల్‌లో ఆయన ఆ చలికొట్టులోనే ప్రాణం విడిచాడు. ఆయన సేనాని దెసాలీన్ అదే ఏడాది నవంబరులో వెర్తియేర్ దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని మట్టి కరిపించి, 1804 జనవరి 1న స్వాతంత్ర్యం ప్రకటించాడు. బానిసలు తిరగబడి నిలబెట్టుకున్న రాజ్యం చరిత్రలో ఇదొక్కటే.

ఆ గెలుపును క్షమించే స్థితిలో ఇరుగుపొరుగు ఎవరూ లేరు. మనుషులంతా సమానంగా పుట్టారని ప్రకటన రాసిన జెఫర్సనే అప్పుడు అమెరికా అధ్యక్షుడు, స్వయానా బానిసల యజమాని. 1806లో ఆయన ప్రభుత్వం హైతీతో వ్యాపారం నిషేధించింది. హైతీని దేశంగా గుర్తించడానికి అమెరికాకు 1862 దాకా మనసొప్పలేదు. అదైనా బానిసల మీద బతికే దక్షిణాది రాష్ట్రాలు కూటమి వదిలిపోయి, వాళ్ల ప్రతినిధులు వాషింగ్టన్ సభల్లో లేని రోజుల్లో, లింకన్ హయాంలో జరిగింది.

ఫ్రాన్సు అంతకంటే తెలివైన దారి పట్టింది. 1825 జూలైలో బారన్ మకో అనే అధికారి 14 యుద్ధనౌకలతో, దాదాపు 500 ఫిరంగులతో పోర్టో ప్రిన్స్ ముందు లంగరు వేశాడు. చేతిలో ఫ్రాన్సు రాజు పదో షార్ల్ ఫర్మానా. స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తాం, అయితే 15 కోట్ల ఫ్రాంకులు చెల్లించాలి, ఫ్రెంచి సరుకు మీద సుంకం సగమే వేయాలి. ఒప్పుకోకపోతే ఫిరంగులున్నాయి. ఈ 15 కోట్లు ఎందుకట? ఆస్తులు పోగొట్టుకున్న ఫ్రెంచి తోటల యజమానులకు నష్టపరిహారమట. ఆ ఆస్తుల విలువ కట్టడంలో తోటలు, మిల్లులతోపాటు మనుషులు కూడా లెక్కకు వచ్చారు. అంటే తమ తల్లిదండ్రుల వెల, తమ వెల తామే చెల్లించుకోవాలని స్వేచ్ఛ పొందిన బానిసలను ఆదేశించారన్న మాట. ఇల్లు దోచిన దొంగ పట్టుబడి తన్నులు తిన్నాక, పోయిన రాబడికి నెలనెలా భత్యం కట్టమని ఇంటివాళ్ల మీద దావా వేసినట్టుంది ఇది. హైతీ అధ్యక్షుడు బువాయే సంతకం పెట్టాడు.

అంకెలు కొంచెం దగ్గరగా చూడాలి. పారిస్ పాలకులు దాచినదంతా అక్కడే ఉంది. 1803లో ఇదే ఫ్రాన్సు లూసియానాను అమెరికాకు 8 కోట్ల ఫ్రాంకులకు అమ్మింది. ఆ భూభాగం హైతీకి డెబ్బై రెట్లకు పైగా పెద్దది. చిటికెడంత హైతీ నుంచి అడిగింది దానికి దాదాపు రెట్టింపు. అయిదు వాయిదాల్లో ఏటా 3 కోట్లు కట్టాలి. మొదటి వాయిదా ఒక్కటే హైతీ ప్రభుత్వపు ఆ ఏటి ఆదాయానికి సుమారు ఆరు రెట్లు. కట్టలేరని తెలుసు కాబట్టే, అప్పు కూడా ఫ్రెంచి బ్యాంకుల దగ్గరే తీసుకోవాలని ముందే ఏర్పాటు చేశారు. 3 కోట్లకు పత్రాలు రాయించుకున్న బ్యాంకర్లు 60 లక్షలు రుసుము కింద పట్టుకుని చేతిలో పెట్టింది 2 కోట్ల 40 లక్షలు. వడ్డీ మాత్రం మూడు కోట్ల మీద! మన ఊళ్లలో అప్పు ఇచ్చేటప్పుడే వడ్డీ మినహాయించుకునే కాల్‌మనీ వ్యాపారి కూడా ఈ బ్యాంకర్ల ముందు బుద్ధిమంతుడే. పరిహారం ఒకటి, పరిహారం కట్టడానికి చేసిన అప్పు ఇంకొకటి. చరిత్రకారులు దీన్ని జంట రుణం అంటారు.

1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించినా భారం దిగలేదు. కొండవాలుల్లో కాఫీ పండించే రైతు మీద వేసిన ఎగుమతి పన్నే పారిస్‌కు పోయే వాయిదా. 2022లో న్యూయార్క్ టైమ్స్ పాత దస్తావేజులు తవ్వి లెక్క కట్టింది. అరవై ఏళ్లకు పైగా హైతీ చెల్లించింది 11 కోట్ల 20 లక్షల ఫ్రాంకులు, నేటి విలువలో 56 కోట్ల డాలర్లు. అదే సొమ్ము దేశంలో తిరిగి ఉంటే కాలక్రమాన తక్కువలో తక్కువ 2,100 కోట్ల డాలర్ల సంపద కింద పెరిగి ఉండేదని ఆ పత్రిక అంచనా. ఆ సొమ్ముతో కట్టగలిగిన బడులు, వంతెనలు, మురుగు కాలువలు హైతీలో లేవు. మురుగు కాలువల సంగతి గుర్తుంచుకోండి, దాని అవసరం ముందు పడుతుంది.

పరిహారం చివరికొచ్చేసరికి మరో జలగ పట్టింది. 1880లో 'హైతీ జాతీయ బ్యాంకు' పుట్టింది. పేరులోనే జాతీయం, నడిపింది పారిస్‌లో కూర్చున్న క్రెడి ఇండస్త్రియెల్ అనే ఫ్రెంచి బ్యాంకు. హైతీ ప్రభుత్వం తన సొంత సొమ్ము జమ చేసినా కమిషన్, తీసినా కమిషన్. లాభాలు పారిస్ వాటాదారులకు. ఈఫిల్ టవర్ కట్టడానికి పెట్టుబడి సర్దిన బ్యాంకుల్లో ఇదొకటి. ఆ గోపురం కింద ఫొటో దిగే యాత్రికులకు ఈ సంగతి చెప్పే బోర్డు అక్కడ లేదు.

జర్మనీ వాటా చిన్నది, చెప్పి ముందుకు పోదాం. 1872లోనూ 1897లోనూ తన వ్యాపారుల ఫిర్యాదుల పేరుతో యుద్ధనౌకలు పంపి, ఫిరంగులు గురిపెట్టి డబ్బు వసూలు చేసుకుని పోయింది. రెండోసారి జైలుపాలైన ఒకే ఒక్క మనిషి కోసం 20 వేల డాలర్లు.

అమెరికా వంతు 1915 జూలై 28న వచ్చింది. సాకు దొరికింది. అధ్యక్షుడు విల్బ్రన్ గియోమ్ సామ్ జైల్లోని రాజకీయ ఖైదీలను ఊచకోత కోయించాడు. రగిలిన జనం ఫ్రెంచి దౌత్య కార్యాలయంలో దాక్కున్న అతన్ని బయటికి ఈడ్చి చంపారు. అదే రోజు మెరైన్లు దిగారు. శాంతిభద్రతల కోసం వచ్చిన వాళ్లు ముందుగా ఏం చేశారు? కస్టమ్స్ కార్యాలయాలు స్వాధీనం చేసుకున్నారు. తమకు నచ్చిన అధ్యక్షుణ్ణి కూర్చోబెట్టి, అతని చేత సుంకాల వసూలు, ఆర్థిక సలహాదారు పదవి, సాయుధ పోలీసు దళం అమెరికా చేతికి వచ్చే ఒప్పందం రాయించుకున్నారు. విదేశీయులు భూమి కొనకూడదన్న నియమం హైతీకి దెసాలీన్ కాలం నాటి కోట గోడ. దాన్ని కూల్చే రాజ్యాంగానికి పార్లమెంటు ఒప్పుకోకపోతే, 1917లో స్మెడ్లీ బట్లర్ అనే మెరైన్ అధికారి తన పోలీసులతో వెళ్లి సభనే మూయించాడు. మరుసటి ఏడు తుపాకుల నీడన జరిగిన 'ప్రజాభిప్రాయ సేకరణ'లో ఆ రాజ్యాంగానికి వ్యతిరేకంగా వెయ్యి ఓట్లు కూడా రాలేదు. ఆ తర్వాత 1930 దాకా హైతీలో శాసనసభ అన్నదే లేదు. ప్రజాస్వామ్యం నేర్పడానికి వచ్చినవాళ్ల ఘనత ఇది. బట్లర్ తర్వాతి కాలంలో పశ్చాత్తాపపడి, తాను హైతీని నేషనల్ సిటీ బ్యాంకు వాళ్లకు హాయిగా వసూళ్లు చేసుకునే చోటుగా మార్చడానికి పనిచేశానని బాహాటంగా రాశాడు.

రోడ్లు వేశాం కదా అని ఆ సైన్యాన్ని సమర్థించే వాళ్లు నేటికీ ఉన్నారు. వేశారు, వెట్టితో. 1864 నాటి పాత చట్టం దుమ్ము దులిపి, రైతులను పొలాల నుంచి లాక్కొచ్చి, తాళ్లతో కట్టి, సొంత జిల్లాలు దాటించి పని చేయించారు. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పల్లెల్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. బానిసత్వాన్ని రక్తంతో తెంచుకున్న జనానికి అది ఎలా తోచి ఉంటుందో మాత్రం ఊహించుకోవాలి. కొండ ప్రాంతాల్లో కాకోలు అనే గెరిల్లాలు తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు షార్లమాన్ పెరాల్త్. ఒకనాటి సైనికాధికారి, అమెరికన్లు కఠిన శిక్ష వేసి కాప్ హైతియన్ వీధులు ఊడిపించిన ఖైదీ, కాపలాదారునే కలుపుకుని తప్పించుకున్నవాడు. 1919 అక్టోబరు చివరి రాత్రి హెర్మన్ హానెకెన్ అనే మెరైన్ ముఖానికి మసి పూసుకుని, ద్రోహి చూపిన దారిలో శిబిరంలోకి చొరబడి అతన్ని కాల్చాడు. ఆ పనికి అమెరికా అత్యున్నత శౌర్య పతకం ఇచ్చింది.

తర్వాత మెరైన్లు చేసిన పని చూడండి. పెరాల్త్ శవాన్ని తలుపు చెక్కకు కట్టి నిలబెట్టి, నడుముకు గుడ్డ ముక్క, తల వెనక జెండా ఉండేలా ఫొటో తీసి, ప్రతులు ఊరూరా పంచారు. భయపెట్టడానికి. జనానికి ఆ బొమ్మలో శిలువ మీది క్రీస్తు కనిపించాడు. ఫిలోమే ఒబాఁ అనే చిత్రకారుడు దాన్నే క్రీస్తు శిలువ దృశ్యంలా గీశాడు; హైతీ కళలో ప్రసిద్ధమైన బొమ్మల్లో అదొకటి. ఆ తిరుగుబాటులో చనిపోయిన హైతీ వాళ్ల సంఖ్య మెరైన్ల సొంత లెక్కలోనే 3 వేలు దాటింది. 1929 డిసెంబరులో లే కే పట్టణం దగ్గర రైతుల మీద కాల్పులు జరిపాక గానీ, ఇక చాలన్న ఆలోచన వాషింగ్టన్‌కు రాలేదు.

సైన్యం 1934లో వెళ్లింది. ఖజానా మీద పెత్తనం 1947 దాకా వదల్లేదు. ఎందుకంటే 1922లో హైతీ నెత్తిన కొత్త అప్పు రుద్దారు, పాత ఫ్రెంచి బాకీలు తీర్చడానికి, న్యూయార్క్ బ్యాంకు ద్వారా. ఆక్రమణ కాలంలో కొన్ని సంవత్సరాల పాటు హైతీ సొమ్ములోంచి ఆ ఖజానాను నడిపిన అమెరికన్ అధికారుల జీతభత్యాలకు పోయింది, ఇరవై లక్షల జనాభా ఆరోగ్యానికి పెట్టినదానికంటే ఎక్కువ. పోతూ పోతూ వాళ్లు తయారుచేసి వదిలిన సైన్యం ఏనాడూ పరదేశంతో యుద్ధం చేసి ఎరగదు. దాని పనల్లా అధ్యక్షులను దించడం, ఎక్కించడం.

ఇక్కడ హైతీ పెద్దమనుషులనూ బోనెక్కించాలి. 1957 నుంచి 1986 దాకా డువాలియే తండ్రీకొడుకులు టోంటోన్ మకూట్ అనే గూండా పటాలంతో నడిపిన రాజ్యాన్ని ఏ విదేశీయుడూ ఓడలో దింపలేదు. పరిహారం పేరుతో కాఫీ రైతును పిండిన పట్నపు కులీనులు, రేవుల దగ్గర సుంకం ఎగ్గొట్టే దిగుమతి వ్యాపారులు, ఎన్నికలప్పుడు ముఠాలను పెంచి పోషించిన నాయకులు, అందరూ హైతీ బిడ్డలే. అయితే కమ్యూనిజానికి అడ్డుకట్ట అన్న పేరుతో డువాలియేలకు సాయం ఎక్కడినుంచి అందింది? 1986 ఫిబ్రవరిలో జనం తరిమితే కొడుకు డువాలియే ఎక్కింది అమెరికా వైమానిక దళం విమానం, దిగింది ఫ్రాన్సులో. దోచిన సొమ్ముతో సహా.

ఆ కాలంలోనే జరిగిన ఒక చిన్న కథ హైతీ పల్లెల్లో నేటికీ చెప్పుకుంటారు. నల్లటి పొట్టి నాటు పంది రైతు కుటుంబానికి బ్యాంకు. ఇంటి చెత్త, రాలిన పండు, దుంపలు తిని బతికేది. బడి తెరిచేనాటికి అమ్మితే పిల్లల ఫీజు, పెళ్లికి, చావుకు అదే ఆసరా. 1979లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కనిపించింది. జబ్బు ఉత్తర అమెరికా పందుల పరిశ్రమకు ఎక్కడ పాకుతుందోనన్న భయంతో, అమెరికా డబ్బుతో, 1982, 83 ల్లో దేశంలోని నాటు పందులన్నిటినీ చంపించారు. మంచివీ చెడ్డవీ అని చూడలేదు. బదులుగా అయోవా నుంచి తెల్ల పందులు తెచ్చారు. వాటికి సిమెంటు గచ్చు కావాలి, రేకుల కప్పు కావాలి, కొన్న దాణా, శుభ్రమైన నీళ్లు, టీకాలు కావాలి. ఇవేవీ తమకే లేని రైతులు వాటికి 'నాలుగుకాళ్ల రాకుమారులు' అని పేరు పెట్టారు. పంది పోయిన ఇళ్ల పిల్లలు బడి మానేశారు.

ఆ తర్వాత బియ్యం. 1980ల ఆరంభం దాకా హైతీ తినే బియ్యంలో ఎక్కువ భాగం ఆర్టిబోనిట్ లోయలోనే పండేది. అంతర్జాతీయ ద్రవ్య నిధి ఒత్తిడి మీద తగ్గుతూ వచ్చిన దిగుమతి సుంకం 1995లో 3 శాతానికి పడిపోయింది. సబ్సిడీతో పండిన అమెరికా బియ్యం 'మయామీ బియ్యం' పేరుతో సంతలను ముంచెత్తింది. గిట్టుబాటు ధర మాట వింటూ పెరిగిన మన గోదావరి, కృష్ణా డెల్టా రైతుకు మిగతా కథ విప్పి చెప్పక్కర్లేదు. లోయ ఖాళీ అయింది. రైతులు పోర్టో ప్రిన్స్ కొండవాలుల మీద సిమెంటు ఇటుకల గుడిసెల్లోకి చేరారు. నేడు హైతీ తినే బియ్యంలో నూటికి ఎనభై వంతులు దిగుమతే. 2010 మార్చిలో బిల్ క్లింటన్ సెనేట్ కమిటీ ముందు కూర్చుని, ఆ విధానం తన రాష్ట్రమైన ఆర్కన్సా రైతులకు మేలు చేసిందేమో గానీ హైతీకి చేటు చేసిందని, ఆ తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకోలు మెచ్చదగిందే. కానీ ఆ మాటతో ఆర్టిబోనిట్‌లో ఎకరం తడిసింది లేదు.

ఈలోగా ఓట్లు వేసే హక్కు కూడా పరాయి అనుమతికి లోబడ్డదేనని హైతీ జనం నేర్చుకున్నారు. 1990 డిసెంబరులో పేదల మతగురువు జాన్ బెర్ట్రాన్ అరిస్టీడ్ 67 శాతం ఓట్లతో గెలిచాడు. పది నెలలు తిరక్కుండా సైన్యం ఆయన ప్రభుత్వాన్ని కూల్చింది. ఆ సైనిక పాలనలో జనాన్ని చంపిన ముఠా నాయకుడు ఇమాన్యుయెల్ కాన్‌స్టాంట్ సీఐఏ దగ్గర జీతం తీసుకున్నవాడు. 1994లో అదే అమెరికా 20 వేల మంది సైనికులతో అరిస్టీడ్‌ను తిరిగి గద్దె మీద కూర్చోబెట్టింది, ఆర్థిక సంస్కరణల షరతుల మూట నెత్తిన పెట్టి. మళ్లీ ఎన్నికైన అరిస్టీడ్ 2003 ఏప్రిల్‌లో, టూసాన్ చనిపోయి 200 ఏళ్లు నిండిన రోజున, ఫ్రాన్సు మా సొమ్ము మాకివ్వాలంటూ సెంట్లతో సహా లెక్క చెప్పాడు: 21,685,135,571 డాలర్ల 48 సెంట్లు. పారిస్‌లో ఎగతాళి చేశారు. ఏడాదిలోగా, 2004 ఫిబ్రవరి 29న, సాయుధ తిరుగుబాటు రాజధాని గుమ్మానికి రాగా, అమెరికా విమానం ఆయన్ను ఎక్కించుకుపోయి మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో దింపింది. తన పాలనలో చేసిన తప్పులకు అరిస్టీడ్ తన ఓటర్లకు జవాబుదారీ. ఆ తీర్పు వాళ్లకు దక్కలేదు. ఆ పరిహారం డిమాండుకూ ఆయన ఉద్వాసనకూ ఎంతో కొంత సంబంధం ఉందని నాటి ఫ్రెంచి రాయబారే తర్వాత ఒప్పుకున్నాడు. కొత్తగా కూర్చోబెట్టిన ప్రభుత్వం చేసిన తొలి పనుల్లో ఒకటి ఆ డిమాండును వదులుకోవడం.

అప్పుడు వచ్చింది ఐక్యరాజ్య సమితి శాంతిదళం. 2004 నుంచి 2017 దాకా. ఈ అభియోగపత్రంలో మాకు అన్నిటికంటే మింగుడు పడనిది ఇదే, ఎందుకంటే ఈ దళానికి లాభాపేక్ష లేదు, నీలి టోపీ ఉంది. శ్రీలంక సైనికులను వంద మందికి పైగా 2007లో పిల్లల లైంగిక దోపిడీ ఆరోపణల మీద ఇంటికి పంపేశారు. జైలుకు వెళ్లిన వాళ్లు లేరు. 2010 జనవరి 12 భూకంపం లక్షల ప్రాణాలు తీసిన ఏడాదే అక్టోబరులో, మీర్‌బలే పట్టణం దగ్గర నేపాలీ సైనికుల శిబిరం నుంచి మరుగుదొడ్ల మురుగు మేయ్ అనే వాగులో కలిసింది. ఆ వాగు ఆర్టిబోనిట్ నదిలో కలుస్తుంది. ఆ నదిలోనే జనం స్నానం చేస్తారు, గుడ్డలుతుకుతారు, ఆ నీళ్లే తాగుతారు. నూరేళ్లుగా కలరా ఎరగని దేశంలో 8 లక్షల మందికి పైగా జబ్బు పడ్డారు, 10 వేల మంది దాకా చనిపోయారు. మురుగు కాలువలు, శుభ్రమైన నీటి గొట్టాలు లేని దేశంలో కలరా ఎలా పాకుతుందో చెప్పాలా? అవి ఎందుకు లేవో పైన చెప్పాం.

సమితి ఆరేళ్లు బుకాయించింది. 2011లో 5 వేల మంది బాధితులు పరిహారం కోరితే, ఇది మేం స్వీకరించదగిన ఫిర్యాదు కాదంది. న్యూయార్క్‌లో దావా వేస్తే దౌత్య రక్షణ అడ్డుపెట్టింది. 2016లో అప్పీలు కోర్టు సరేనంది. ఆ డిసెంబరులో బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పి, 40 కోట్ల డాలర్ల పథకం ప్రకటించాడు. సభ్య దేశాలు అందులో పిసరంత విదిల్చాయి. కంచే చేను మేసినప్పుడు రైతు ఎవరికి చెప్పుకోవాలి? ఎక్కడైనా ఇంకో దేశం తప్పు చేస్తే నివేదిక రాసేది ఈ సంస్థే.

భూకంపం సాయం కథ కూడా ఆ కొలతదే. ప్రపంచం కదిలి ఇచ్చిన అత్యవసర నిధుల్లో హైతీ ప్రభుత్వం చేతికి వచ్చింది నూటికి ఒకటి. అవినీతి ప్రభుత్వం కదా, తినేస్తుందన్నారు. దాతల సొమ్ము తిన్న కాంట్రాక్టర్లు, సలహాదారులు, విమానాలు, హోటళ్ల సంగతి ఎవరూ అడగలేదు. అదే ఏడాది ఎన్నికల్లో అమెరికా దేశాల సంస్థ నిపుణులు ఓట్ల లెక్క తిరగరాసి, రెండో స్థానంలో ఉన్న అభ్యర్థిని తప్పించి, మూడో స్థానంలో ఉన్న గాయకుడు మిషెల్ మార్తెలీని రెండో విడతకు నెట్టారు. వాషింగ్టన్ ఒత్తిడి పనిచేసింది, ఆయన అధ్యక్షుడయ్యాడు. 2024 ఆగస్టులో అమెరికా ఖజానా శాఖ, మాదకద్రవ్యాల రవాణాలో, ముఠాలకు కొమ్ముకాయడంలో పాత్ర ఉందంటూ ఆంక్షలు విధించింది ఆ మార్తెలీ మీదే.

2021 జూలై 7న అధ్యక్షుడు జొవనెల్ మొయీజ్‌ను పడకగదిలో కాల్చి చంపారు. వచ్చినవాళ్లు కొలంబియా మాజీ సైనికులు. కుట్ర అల్లింది చాలావరకు ఫ్లోరిడాలో. పది రోజులకు 'కోర్ గ్రూప్' అనే విదేశీ రాయబారుల బృందం ఒక ప్రకటన విడుదల చేసి, ఏరియెల్ ఆన్రీ ప్రభుత్వం ఏర్పాటు చేయాలని ప్రోత్సహించింది. మూడు రోజుల్లో ఆన్రీ ప్రధాని. ఒక్క ఓటూ పడలేదు. అతను ఎన్నికలు పెట్టలేదు. 2023 జనవరికల్లా ఆ దేశంలో ఎన్నికైన ప్రతినిధి అంటూ ఒక్కరూ మిగల్లేదు. హైతీయే పిలిచింది కాబట్టి దళాలు పంపుతున్నామని ఇప్పుడు చెబుతున్నారు. పిలిచింది 2022 అక్టోబరులో ఈ ఆన్రీయే. పిలిచేవాణ్ణి తామే నియమించి, పిలుపు వచ్చిందని చెప్పడం దౌత్యంలో కొత్త విద్యేం కాదు.

మరి ముఠాలను వదిలేయమంటారా అని అడగొచ్చు. అనం. పిల్లలను బడి నుంచి ఎత్తుకుపోయే, పేటలకు పేటలు తగలబెట్టే మూకలను ఎదుర్కోవడానికి హైతీ పోలీసులకు సాయం కావాలి. కానీ ఆ మూకల చేతుల్లోని తుపాకీ ఒక్కటి కూడా హైతీలో తయారు కాదు. అత్యధికం అమెరికా దుకాణాల్లో కొని, ఫ్లోరిడా రేవుల నుంచి సరుకుల కంటెయినర్లలో దాచి పంపినవి. సమితి నివేదికలే ఆ మాట చెబుతున్నాయి. మయామీ నదీ తీరంలో ఓడలు గట్టిగా తనిఖీ చేస్తే సగం పని అక్కడే అవుతుంది, ఒక్క సైనికుణ్ణి కూడా పంపకుండా. అమెరికా 2025 జూన్‌లో నిషేధించింది హైతీ మనుషుల రాకను. ఇటునుంచి పోయే తుపాకులకు అంత పట్టింపు లేదు.

ఫ్రాన్సు సంగతికొస్తే, 2015లో అధ్యక్షుడు ఒలాండ్ గ్వాడెలూప్‌లో నిలబడి హైతీకి పడ్డ బాకీ తీరుస్తానన్నాడు. గంటల్లోనే ఆయన సిబ్బంది అది నైతిక బాకీ మాత్రమేనని సవరించారు. 2025 ఏప్రిల్ 17న, ఫర్మానా జారీ అయి సరిగ్గా 200 ఏళ్లు నిండిన నాడు, అధ్యక్షుడు మాక్రాన్ ఇరు దేశాల చరిత్రకారులతో సంఘం వేశాడు. డబ్బు ఊసెత్తలేదు. చరిత్రకారులు తేల్చాల్సింది పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆ సొమ్ము ఫ్రెంచి ప్రభుత్వ సంస్థ కేస్ దె దెపో ద్వారా చేతులు మారింది. ఆ సంస్థ నేటికీ పారిస్‌లో నడుస్తోంది. ఎంత ఇవ్వాలన్నదానికి వాదనలు ఉండొచ్చు. ఇవ్వాలా అన్నదానికి లేవు. ఆ సొమ్మును మళ్లీ విదేశీ కాంట్రాక్టర్ల చేతికి కాకుండా, హైతీ ఎన్నుకునే ప్రభుత్వపు నీటి గొట్టాలకు, బడులకు, ఆర్టిబోనిట్ కాలువలకు పోయేలా చూడటమే సంఘం పనిగా పెట్టాలి.

ఇక రాబోయే దళం. 2004లో హైతీతో సమితి కుదుర్చుకున్న ఒప్పందంలో, శాంతిదళం వల్ల నష్టపోయిన పౌరుల ఫిర్యాదులు వినడానికి శాశ్వత క్లెయిముల కమిషన్ వేస్తామన్న నిబంధన ఉంది. పదమూడేళ్లలో ఆ కమిషన్ ఒక్కరోజూ కూర్చోలేదు; అసలు వేయనే లేదు. కలరా బాధితులు తలుపు తట్టడానికి తలుపే లేకుండా పోయింది. ఈసారి 5,500 మంది పూర్తిగా దిగకముందే ఆ కమిషన్‌ను పోర్టో ప్రిన్స్‌లో కూర్చోబెట్టాలి, అందులో హైతీ న్యాయమూర్తులు ఉండాలి, పరిహారానికి డబ్బు ముందే జమ చేయాలి. ఈ షరతు భద్రతా మండలి తీర్మానంలో చేర్చమని అడగడానికి దళానికి ఔనన్న 12 దేశాల్లో ఒక్కటైనా ముందుకు రావాలి.